రాహుకాలంలో తగిలిన నెట్‌వర్క్

ఆ రోజుల్లో నాకు ఒకటే వైద్యం వచ్చు: ఉన్నదంతా చెరిపేసి మళ్ళీ ఎక్కించడం. పులివెందుల నుంచి ప్రొద్దుటూరు వచ్చి, కంప్యూటర్లు బాగుచేసే షాపులో చేరిన కొత్త. నన్ను ఒంటరిగా పంపిన మొదటి పని ఒక బట్టల కొట్టులో. “ఇది చేసుకొనిరా, బయటి పనులన్నీ నీకే. ల్యాకుంటే ఫోన్ దగ్గర కూచో” అన్నారు మా సార్. (ఫోన్ దగ్గర కూర్చుంటే ఊళ్ళో తిట్లన్నీ మనకే.)

ఆ కొట్టులో ఒక పెద్ద మిషన్, దాని లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఇంకో కంప్యూటర్ నడిచేది. వర్చువల్ మిషన్ అంటాం. బిల్లులన్నీ అందులోనే. ముందురోజు మా సార్ నెట్‌వర్క్ కార్డుకు కొత్త ఫర్మ్‌వేర్ (కార్డును నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించి వెళ్ళారు. తెల్లారేసరికి పెద్ద మిషన్‌కు నెట్‌వర్క్ ఉంది, లోపలిదానికి లేదు. జమ్మలమడుగు పెళ్ళివారు చీరలు ఏరుకుని బిల్లు కోసం కూర్చున్నారు. వాళ్ళు లేచి వెళ్ళిపోతే నాకు ఫోనే గతి. వైర్లు మార్చాను, చెమటలు కక్కాను, చివరికి నా వైద్యం మొదలుపెడతానని యజమాని శెట్టిగారికి చెప్పాను. ఆయన గోడ గడియారం చూశారు.

“శుక్రవారం, రాహుకాలం పాపా. కొత్తపని మొదలుపెట్టకూడదు.”

“కొత్తది కాదు శెట్టిగారూ, పాతదే మళ్ళా ఎక్కిస్తాండా.”

“తీసేసి మళ్ళా పెడితే కొత్తదే గదమ్మా. పన్నెండు దాటనీ. అంతదాకా ఊరికే చూస్తాండు, చూసేదానికి తప్పులేదు.”

ఒళ్ళు మండింది. వేరే పనిలేక కార్డు సెట్టింగులు ఒక్కొక్కటే తెరిచి చదివాను (అంతకుముందు చదివిన పాపాన పోలేదు). లోపలి మిషన్లకు నెట్‌వర్క్ అందనిచ్చే సెట్టింగు, కొత్త ఫర్మ్‌వేర్ దెబ్బకు ఆగిపోయి ఉంది. ఇంటి కాపలావాడు ఓనరు ఉత్తరాలు మాత్రం తీసుకుని, అద్దెకున్నవాళ్ళవి వెనక్కి పంపుతున్నట్టుంది వ్యవహారం.

“ఇది ముందు ఉండిందే, నిన్న ఆగిపోయింది. తిరిగి పెట్టేదా?”

శెట్టిగారు గడియారం వైపు ఇంకోసారి చూశారు. “ముందు ఉండిందే అయితే కొత్తదెట్లయితాది? పెట్టు.”

పెట్టి, మిషన్ ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చేశాను. నెట్‌వర్క్ వచ్చేసింది. ఇక బిల్లు వేయించుకోవచ్చని పెళ్ళివారికి గర్వంగా ప్రకటించాను. పెళ్ళికూతురి అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

“రాహుకాలంలో పెండ్లిచీరలకు బిల్లు యాడన్నా ఏపిచ్చుకుంటారా? పన్నెండు కానీ. నువ్వు గూడా ఈడ కూచో” అని పిండివంటల సంచిలోంచి ఒక నిప్పట్టు తీసి చేతిలో పెట్టింది. పొద్దుటి నుంచి ఆ కొట్టు మొత్తానికి తొందర నా ఒక్కదానికేనని అప్పుడు తెలిసింది.

బయటి పనులు నాకే వచ్చాయి. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలు “మేడం, మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కిద్దామా?” అంటే గోడ గడియారం చూసి, “ఇంకాసేపు ఊరికే చూస్తుండండి” అంటాను. చాదస్తం అనుకుంటారు, అనుకోనీ. నిప్పట్టు కొరుకుతూ, పన్నెండు ఎప్పుడవుతుందా అని గడియారాన్ని మింగేసేలా చూసిన ఆ పిల్లను తలుచుకుంటే నాకిప్పటికీ ముద్దొస్తుంది.