నా గురక, మిరప ఘాటు

నేను గురక పెడతానన్న అభియోగాన్ని ఇరవై ఏళ్లు ఖండించాను. తనకు నిద్ర ఉండడం లేదని మా ఆవిడ మొత్తుకున్నప్పుడల్లా, "అది గురక కాదే, మిరప ఘాటు!" అని కొట్టిపారేశాను.

నేను గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర తూకాలు రాసే గుమస్తాని. మా దగ్గర మనిషి తుమ్మినా, దగ్గినా, కళ్లెర్రబడినా, ఇంట్లోవాళ్ల మీద ఎగిరిపడినా కారణం ఒక్కటే, ఘాటు. నా ముక్కులో పేరుకున్న కారంతో ఒక పెళ్లికి సరిపడా ఆవకాయ కలపొచ్చని గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఈ ఏడు యార్డుకు వేసవి సెలవులివ్వడానికి ముందు, తూకం రాస్తూ రాస్తూ మిరప బస్తాల మీదికి ఒరిగి నిద్రపోయాను. షావుకారు అరుపుకి నా మీద పడ్డ తాలు కాయలు కూడా ఉలిక్కిపడ్డాయి.

"ఏవయ్యా, ఇదేమన్నా మీ అత్తగారిల్లా?"

సెలవుల్లో ఆ సంగతి తెలిసి మా ఆవిడ నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. ఆయన నా కంటే పాతికేళ్లు చిన్నవాడు. మీసం కూడా సరిగ్గా రాలేదు. అలాంటివాడు నా ముక్కు గురించి నాకు చెబుతాడా?

"మిర్చి యార్డు ఘాటండీ," అన్నాను కూర్చోకుండానే.

"యార్డు మూసి ఎన్నాళ్లయింది?"

"మూడు వారాలు."

"గురక తగ్గిందా అమ్మా?"

"ఎక్కడండీ! ఇప్పుడు పగలు కూడా మొదలైంది," అందా మహాతల్లి.

ఇక పాఠం మొదలైంది. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతుందట. ఊపిరి ఆగుతుందట. మెదడు కంగారుపడి మనిషిని లేపుతుందట. లేచినట్టు వాడికి గుర్తే ఉండదట. కలలొచ్చే నిద్రలో కండరాలు మరీ వదులైపోతాయి కాబట్టి అక్కడ ఇబ్బంది ఇంకా ఎక్కువట. అందుకే రాత్రంతా పడుకున్నా పగలు తూగుతామట. ఏమిటీ అన్యాయం? షావుకారు ఒక్కసారి లేపితేనే పరువు పోయిందని ఏడ్చాను. సొంత మెదడు రాత్రంతా లేపుతోందా, నాకొక్క మాటైనా చెప్పకుండా?

అప్పుడు మా ఆవిడ ఫోను తీసి ముందురోజు రాత్రి రికార్డు చేసినది వినిపించింది. నల్లరేగడిలో దిగబడ్డ ట్రాక్టరును పది ఊళ్లవాళ్లు కలిసి లాగుతున్నట్టు ఒక శబ్దం. ఉన్నట్టుండి అది ఆగింది. ఏమీ లేదు. డాక్టరు గడియారం చూస్తున్నాడు. ఇక్కడ కూర్చున్న నేను కూడా ఊపిరి బిగబట్టాను. ఫోన్లో గాజులు గలగలమన్నాయి.

"ఏమండీ... కొంచెం పక్కకి తిరగండి."

మళ్లీ ట్రాక్టరు.

"రోజూ నువ్వే తిప్పుతున్నావా?" అన్నాను.

"ఊపిరి ఆగిపోతే ఇంకెవరు తిప్పుతారండీ?"

"చెప్పొచ్చుగా!"

"చెప్పాను. ఘాటన్నారు."

కోపం నషాళానికి అంటింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. వచ్చే వారం ఒంటినిండా వైర్లు తగిలించి, ఒక రాత్రి పడుకోబెట్టి పరీక్ష చేస్తానన్నాడు డాక్టరు. అదే అదనుగా ఆయన మీద చూపించి, సరేనని బయటికొచ్చాను.

పొన్నూరు బస్సెక్కాం. మా ఊరు దారిలోనే. గుంటూరు దాటకముందే ఆవిడ నా భుజం మీద తల వాల్చేసింది. ఇంతలో కండక్టరు దిగబడ్డాడు. నన్ను రోజూ ఎక్కించుకునేవాడే.

"అమ్మా, ఆధార్ కార్డు! లేపండి సార్."

"లేపను."

"కార్డు చూడకుండా ఫ్రీ టిక్కెట్ కొట్టకూడదండీ. బ్యాగులో ఉంటది, తీయండి."

ఆ బ్యాగు ఆవిడ చంకలో ఉంది. లాగితే లేస్తుంది.

"డబ్బుల టిక్కెట్టే కొట్టవయ్యా!"

"ఆడవాళ్లకి ఊరికే వస్తుంటే డబ్బులిస్తానంటారేంది సార్!" అని బస్సంతా వినపడేలా నవ్వాడు. జనం తిరిగి చూశారు.

"ముందు నువ్వు గొంతు తగ్గించు," అన్నాను గుసగుసగానే, కాని పళ్లు కొరికి. "రెండు టిక్కెట్లు. పొన్నూరుకి."

"మీ ఊరు ముందే వస్తుంది కదా సార్?"

"వస్తే రానీ. ఈ బస్సు ఎందాకా పోతే అందాకా కొట్టు."