గేరుబాక్సు కింది రబ్బరు

1998 ఆగస్టు తొమ్మిదో తేదీ, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటలకు నేనూ మా నాన్నా డాక్టరు గారి కారుకు గేరుబాక్సు కింది రబ్బరు మార్చే పని మొదలుపెట్టాము. డాక్టరు గారు అంతకుముందు శీతాకాలంలోనే కాలం చేశారు.

ఆయన కొత్తపేట దగ్గర ఒక పల్లెలో వైద్యం చేసేవారు. మా నాన్న ఆయనకు డ్రైవరు. అది అరవైలలో కొన్న నల్ల కారు. గేరుబాక్సు బరువు మోసే రబ్బరు దిమ్మ ఏనాడో అరిగిపోయింది. కాలవ వంతెన ఎక్కుతూ గేరు మార్చినప్పుడల్లా గేరుబాక్సు పైకి లేచి మళ్లీ కింద పడేది. కారు అడుగున రెండు దెబ్బలు వినిపించేవి. మూసిన తలుపును లోపలి నుంచి ఎవరో గుప్పిటతో కొట్టినట్టుండేది ఆ చప్పుడు. గట్టు వెంబడి ఇళ్లవాళ్లు అది విని రోగిని అరుగు మీదికి తెచ్చేవారు. చెంబుతో వేణ్ణీళ్లు, సబ్బు, ఉతికిన తువ్వాలు పక్కనే ఉంచేవారు. రోగిని చూశాక డాక్టరు గారు చేతులు కడుక్కోవాలి. ఆ చప్పుడు వల్ల ఇంత సదుపాయం ఉందనే ఆయన రబ్బరు మార్పించలేదు.

కదలకుండా ఉంటే బండి పాడైపోతుందని, ఆయన పోయాక ఆయన భార్య రోజూ సాయంత్రం ఒకసారి తిప్పి తెమ్మన్నారు. చేతికి అలవాటైన దారి గనక మా నాన్న ఖాళీ వెనక సీటుతో ఆ గట్టు మీదనే వెళ్లి వచ్చేవాడు. మా ఇంట్లో మొదటి పట్టభద్రుడిని నేను. అప్పుడు ఉద్యోగ పరీక్షలకు చదువుకుంటున్నాను. ఒకసారి నాన్న పక్కన కూర్చుని వెళ్లాను. వంతెన మీద ఆ రెండు దెబ్బలు పడగానే అరుగుల మీది మనుషులు లేచి నిలబడ్డారు. వాళ్లు మమ్మల్ని చూడలేదు. వెనక సీటు వైపు చూశారు.

గట్టు చివరి ఇంట్లో ఒక ముసలి రైతు ఉండేవారు. చక్కెర జబ్బు వల్ల ఆయన కాలి వేళ్లు పుండుపడి నల్లబడుతున్నాయి. అమలాపురం ఆసుపత్రికి వెళ్లకపోతే ప్రాణానికే ముప్పని ఊరంతటికీ తెలుసు. ఆయన మాత్రం కదలనన్నారు. రోజూ సాయంత్రం కాలు కడిగించుకుని, ముక్కాలిపీట మీద పెట్టుకుని, ఎప్పటిలాగే చెంబూ సబ్బూ తువ్వాలూ పక్కన పెట్టించుకుని, డాక్టరు గారి కోసం ఎదురుచూసేవారు. ఆయన కూతురు శనివారం ఉదయం మా ఇంటికి వచ్చారు.

"అన్నయ్యగారండీ, మీ బండి చప్పుడైతే చాలండి, 'అదిగో వస్తన్నారు, నన్నెక్కడికీ పంపకండి' అంటన్నారు మా నాన్న. డాక్టరు గారు పోయేరని చెప్తే, 'పోయినాయన కారెలా వస్తదే, బుర్రుందా నీకు' అని నన్నే తిడతన్నారండి."

"అయితే ఆ దారిన రావడం మానేస్తాలేమ్మా," అన్నాడు నాన్న.

"మానేస్తే ఆసుపత్రికెలాగండి? ఆటోలో ఆ గోతులకి ఆయన కాలు తట్టుకోలేదు. మీ బండి కావాలండి, చప్పుడొద్దు. ఆ చప్పుడుతో వచ్చేరంటే డాక్టరు గారేరీ అని పేచీ పెట్టి ఎక్కరండి."

నాన్న తన అరచేతులు చూసుకున్నాడు. "ఆయ్. మార్చేద్దాం లెండి," అన్నాడు.

ఆ సాయంత్రమే నేను అమలాపురం వెళ్లి కొత్త రబ్బరు తెచ్చాను. ఆదివారం డాక్టరు గారి షెడ్డులో కారును దుంగల మీదికి ఎత్తాము. గేరుబాక్సు కింద చెక్క పెట్టి జాకీ ఆనించి, దాన్ని మోసే అడ్డ ఇనుమును విప్పి తీశాము. నేను కారు కింద వెల్లకిలా పడుకున్నాను. పాత రబ్బరు నూనె తాగి ఉబ్బి, నడిమికి చీలిపోయి ఉంది. పట్టుకుని లాగితే రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. బయట వాన పడుతోంది. అప్పుడే గొడుగుతో ఆ రైతు కూతురు షెడ్డులోకి వచ్చారు.

"బండి ఇప్పుడే తెచ్చి పెట్టేరాండి?" అని అడిగారు.

"లేదమ్మా, నాలుగింటి నుంచీ ఇక్కడే విప్పుకుని కూర్చున్నాం," అన్నాడు నాన్న.

ఆవిడ దుంగల వైపు, జాకీ వైపు చూశారు. "నేను పెరట్లో ఉన్నానండి, ఏమీ వినలేదు. మా నాన్న విన్నారంట. డాక్టరు గారు దిగేరంట. కాలు చూసి, 'రేపు అమలాపురం పోదాం, నేనూ వస్తాను' అన్నారంట. ఇప్పుడు ఆయనే బట్టలు సర్దమంటన్నారండి."

"రోజూ వినే చప్పుడు కదండీ, విన్నట్టే అనిపించి ఉంటుంది," అన్నాను నేను.

"నేనూ అదే అనుకున్నాను బాబూ. కానీ సబ్బు తడిసుంది. ఆయన లేవలేరు, మేమెవ్వరం ముట్టుకోలేదు."

"జల్లు కొట్టిందేమోనండి."

"తువ్వాలు కూడా తడేనండి. పైన కాదు, మడత లోపల."

నాన్న కారు వెనక అద్దంలోంచి లోపలికి చూసి, కొత్త రబ్బరు నా చేతికి అందించాడు. "బోల్టు బిగించు," అన్నాడు.

సోమవారం ఉదయం నేనూ నాన్నా కారులో వంతెన దాటాము. చప్పుడు లేదు. అరుగుల మీద ఎవరూ లేవలేదు. ముసలాయన్ని నేనూ నాన్నా మోసుకొచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టాము. ఆయన పేచీ పెట్టలేదు. కూతురు పక్కన కూర్చోబోతే ఆపారు.

"అక్కడొద్దే. ముందు కూర్చో."

ఆవిడ నా పక్కకు వచ్చి ఇరుక్కుని కూర్చున్నారు. కారు కదిలాక ఆయన మామూలు గొంతుతో, "కొంచెం జరగండి బాబూ, కాలు చాపుకుంటాను," అన్నారు. ఒక క్షణం ఆగి, "ఆఁ, చాలండి," అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. సీటంతా ఖాళీగానే ఉంది. అయినా ఆయన కాలిని సగం వరకే చాపి, అమలాపురం చేరేదాకా మోకాలు వంచుకునే కూర్చున్నారు.

ఆసుపత్రి ముందు ఆయన్ని దింపి స్ట్రెచర్ మీద పడుకోబెట్టాము. ఆ తరువాత మా నాన్న కారు చుట్టూ తిరిగి వెళ్లి, రెండో వైపు వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ఒక మనిషి దిగడానికి పట్టేంతసేపు నిలబడి, మెల్లగా మూశాడు.

ఆయనకు రెండు వేళ్లు తీసేశారు. కాలు దక్కింది, ప్రాణమూ దక్కింది. ఆ తరువాత గట్టు మీది ఇళ్లవాళ్లు జబ్బు చేస్తే అమలాపురం బస్సు ఎక్కడం మొదలుపెట్టారు.