గాలిలో పోయేదాన్ని పోగుచేసిన మా సునీత

నిన్న పొద్దున్న సునీత వాళ్ళ అన్నయ్య రవి ఫోన్ చేశాడు.

"సునీత లేదు" అన్నాడు.

"అప్పుడే లేచి దుర్గ్ కాలేజీకి వెళ్ళిపోయిందా?" అని అడిగాను.

అటు నుంచి రవి ఏడుపు వినిపించింది. అప్పుడు అర్థమైంది.

జ్వరమని హాస్పిటల్లో చేరిన సంగతి తెలుసు. ఇంటికి రాగానే చేపల పులుసు పట్టుకురమ్మని మెసేజ్ కూడా పెట్టింది. ఇలా అవుతుందని ఎవరనుకుంటారు?

చిన్నప్పుడు స్టీల్ ప్లాంట్ కాలనీ సెక్టర్ 4లో మా క్వార్టర్లు పక్కపక్కనే. ఒకే స్కూలు, ఇద్దరికీ ఒకే సైకిల్. తర్వాత వాళ్ళు దగ్గర్లోనే రిసాలిలో ఇల్లు కట్టుకున్నారు. తను దుర్గ్‌లో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ అయింది.

నడుస్తూ నడుస్తూ ఆగిపోయి ఆకాశం వైపు చూసేది. ఏటి చూస్తున్నావే అంటే, మన మీంచి ఎన్ని కబుర్లు పోతున్నాయో చూడు అనేది. రేడియో, ఫోన్లు, వైఫై.

నాకు కాకులు తప్ప ఏమీ కనిపించేవి కావు.

వాళ్ళ నాన్నగారికి గుండెలో పేస్‌మేకర్ ఉండేది. దాని బ్యాటరీ అయిపోవస్తే మళ్ళీ ఆపరేషన్ చేసి మార్చారు. ఆయన బాగా భయపడ్డారు. బ్యాటరీ అక్కర్లేని యంత్రమే లేదా అని కూతుర్ని అడిగారు.

ఆ ప్రశ్న తనని వదల్లేదు.

మొబైల్ టవర్ నుంచి వచ్చే తరంగాల్లో మన ఫోన్లకి అందేది పిసరంత. మిగతాదంతా గోడల మీదా చెట్ల మీదా పడి పోతుంది. ఆ పోయేదాన్ని పట్టుకుని పనిచేసే చిన్న సెన్సర్ తయారుచేయాలని కూర్చుంది. రాగిరేకు యాంటెన్నా, గోరంత సర్క్యూట్. అందులో బ్యాటరీ లేదు. బొట్టు బొట్టుగా కరెంటు దాచుకుని, చాలినంత చేరాక, అక్కడ ఎంత వేడి ఉందో ఒక్కసారి చెప్పి ఊరుకుంటుంది.

ఎన్నిసార్లు చేసినా అది పలకలేదు. చాలాకాలం.

ఒక వానాకాలం సాయంత్రం నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి తండ్రీ కూతుళ్ళు డాబా మీద ఉన్నారు. వాన వెలిసింది. ప్లాంట్ వైపు ఆకాశం ఎర్రగా ఉంది. పిట్టగోడ మీద ఆ ముక్క పెట్టుకుని, పక్కన లాప్‌టాప్ తెరిచి, ఏదో వింటున్నవాళ్ళలా ఇద్దరూ కదలకుండా కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

స్క్రీన్ మీద ఒక అంకె వచ్చింది.

నాన్నగారు ముందుకి వంగి, "ఏటంటోందే అది?" అన్నారు.

"ఇక్కడ చల్లగా ఉందంటోంది నాన్నా."

ఆయన కాసేపు ఆ అంకెనే చూసి, దీంతో గుండె నడుస్తుందా అని అడిగారు. తను అబద్ధం చెప్పలేదు.

"గుండెకి చాలదు నాన్నా. ఒక మాట చెప్పడానికైతే చాల్తాది."

ఆయన నవ్వి, కూతురి తల మీద చెయ్యి వేశారు. చీకటి పడేదాకా ముగ్గురం మరో అంకె కోసం చూస్తూ ఉండిపోయాం. ఎవరికీ లేవాలనిపించలేదు.

తర్వాత ఆయన పోయారు. తను మాత్రం ఆపలేదు. స్టూడెంట్స్‌తో కలిసి కాలేజీ తోటలో మట్టి తడి చెప్పే సెన్సర్లు పెట్టింది. కొన్ని పలికాయి. కొన్ని మూగగానే ఉండిపోయాయి. వాటినీ అలాగే ఓపిగ్గా చూసుకునేది.

నిన్న అన్నీ అయ్యాక అత్త నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. సునీత వాళ్ళమ్మని నేను అత్త అనే పిలుస్తాను. వచ్చిన పిల్లలందరూ మేడమ్ ప్రాజెక్ట్, మేడమ్ ప్రాజెక్ట్ అంటూ ఏడుస్తున్నారు, అసలది ఏంటో చెప్పమంది. ఇన్నేళ్ళూ కూతుర్ని అన్నం తిన్నావా అని అడగడంతోనే సరిపోయిందట.

నాకు తెలిసినంత చెప్పాను. గాలిలో పోయేదాన్ని కొంచెం కొంచెంగా పోగుచేయడమని.



"చేట్లోంచి జారిన నూకలు ఏరుకోడం లాంటిదే కదా" అంది అత్త. "నాకు తెలిసిన పనే చేసింది నా కూతురు."

వెళ్ళిరావే సునీతా. నువ్వున్న చోట నీ మనసు హాయిగా ఉండాలి.