ఎడమకు తిరగని పెళ్లిచూపులు

విమానంలో సముద్రం దాటి క్షేమంగా దిగిన మనిషి, మూడడుగుల తీగ వల్ల చావుదాకా వెళ్లొస్తాడని ఎవరైనా అనుకుంటారా? నేను వెళ్లొచ్చాను. ఒక్కణ్ణే కాదు, కాబోయే మామగారిని వెనక కూర్చోబెట్టుకుని మరీ వెళ్లొచ్చాను. తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వు రాదు. మీరు మాత్రం నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పట్లో నేను మస్కట్‌లో ఏసీలు బాగుచేసే పనిలో ఉండేవాణ్ణి. అక్కడ రెండేళ్లుంటే మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. సబ్బు నుంచి సూది దాకా బయటి దేశాలదే అసలు, మన ఊళ్లో దొరికేదంతా నకిలీ అనిపిస్తుంది. నాకది బాగా ముదిరింది. నెల సెలవు మీద హిందూపురం వస్తున్నానని ఫోన్ చేస్తే నాయన అన్నాడు, "మన బండి యాక్సిలరేటర్ కేబుల్ తెగేట్టుండాది రా. బాషాతో మార్పిచ్చి పెడతాలే."

"వద్దు నాయనా! ఆ లోకల్ సరుకు ముట్టొద్దు. ఈడ నుంచి ఒరిజినల్ తెస్తా."

బండి పేరు కొట్టి, ఫోన్లో బొమ్మ చూసి, ఇంకో దేశం నుంచి తెప్పించి, బట్టల మడతల్లో పెట్టి పసిబిడ్డలా మోసుకొచ్చాను.

ఆ సెలవు పెళ్లిచూపుల కోసం. అమ్మాయి లలిత ధర్మవరంలో పిన్నమ్మ ఇంట్లో ఉంటూ బడిలో టీచరుగా చేస్తోంది. ఫోన్లో ఫోటో చూసిన రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు. వాళ్ల నాన్న నాగభూషణం గారు పెనుకొండలో ఉంటారు, ముప్పై ఏళ్లు బస్సు తోలిన మనిషి. ఆయన మా నాయనతో ఒకటే మాట అన్నారట. "పిల్లోణ్ణి బండేసుకొచ్చి నన్ను పెనుకొండలో ఎక్కించుకోమను. ఎట్లాంటోడో దావలోనే తెలిసిపోతాది."

అంటే ఆ ప్రయాణమే నాకు పరీక్ష.

పొద్దున్నే హిందూపురంలో మెకానిక్ బాషా దగ్గరికి పోయాను. పాత కేబుల్, కొత్త కేబుల్ ఒకే మేకుకు వేలాడదీసి చూశాడు. అతను ఏ కేబులైనా అట్లా కొలవనిదే బండికి ఎక్కించడు.

"అప్పా, నీది రెండు వేళ్లు పొట్టిగా ఉండాది."

"బాషన్నా, అది ఫారిన్ ఫిట్టింగ్. బిగువుగా ఉంటేనే పికప్ వస్తాది."

"ఆ దేశంలో హ్యాండిల్ కిందికి ఉంటాదేమో. మనది ఎత్తు గదా. పక్కంగట్లో సరిపోయేది దొరుకుతాది, తెప్పించేదా?"

"హిందూపురం కేబుల్ కోసమా నేను ఇంత దూరం మోసుకొచ్చింది?"

బాషా నన్నోసారి, కేబుల్‌నోసారి చూశాడు. "నీ బండి, నీ ఇష్టమప్పా" అని బిగించేశాడు.

అంగడి ముందు ఎడమకు తిప్పాను. నేను రేజ్ ఇవ్వకుండానే బండి గుర్రుమని, చింతపండు బస్తాల ఆటో మీదికి దూకింది. జానెడులో తప్పింది. "చూస్తివా బాషన్నా, పికప్!" అని అరిచి, వెనక్కి చూడకుండా పోయాను.

రెండో మలుపులో సంగతి అర్థమైంది. హ్యాండిల్ ఎడమకు తిరిగితే పొట్టి కేబుల్ లాక్కుపోయి, ఇంజను దానంతటదే రేజ్ అవుతోంది. నేరుగా పోతే బంగారం. కుడికి తిరిగినా బంగారం. ఎడమకు తిరిగితే యముడు. వెనక్కి పోయి మార్పించుకోవచ్చు కదా అంటారా? పోవచ్చు. కానీ బాషా నవ్వుతాడే! పరువు కోసం ప్రాణాలు పిడికిట్లో పెట్టుకుని పెనుకొండ రోడ్డెక్కాను.

పెనుకొండలో నాగభూషణం గారు తెల్లచొక్కాతో ఎదురుచూస్తున్నారు. ఆయన్ను ఎక్కించుకున్నాక బస్టాండు దగ్గర ఒక్క ఎడమ మలుపు తప్పలేదు. బండి ఎగిరిపడింది. ఆయన నా భుజం పట్టుకుని "నిదానమప్పా" అన్నారు, అంతే. పెద్దరోడ్డు మలుపులు మెల్లగా ఉంటాయి కాబట్టి బతికిపోయాం. అయినా ఎడమ వంపు కనబడితే చాలు, నాకు వీపంతా చెమట.

అసలు నరకం ధర్మవరంలో మొదలైంది.

"ఎడమకు పోనీ."

కుడికి తిప్పాను.

"ఎడమకంటి!"

"ఇట్ల రోడ్డు బాగుండాది మామా."

మళ్లీ కుడి, మళ్లీ కుడి. మూడు కుడులు కలిస్తే ఒక ఎడమ అవుతుందని ఆ రోజే కనిపెట్టాను.

"ఏమప్పా, ఈ టెంకాయలంగడి ముందర ఇది మూడో తూరి."

"ఊరు చూద్దామని మామా."

"ఊరంటే టెంకాయలంగడేనా?" ముందుకు వంగి వాసన చూసి, "తాగుతావా?" అన్నారు.

"అయ్యో, లేదు మామా!"

"కండ్లు సరిగా కనపడతాయా?"

ఒక్కో ప్రశ్నకు లలిత నాకు ఒక్కో మైలు దూరమవుతోంది. నిజం చెప్పేద్దామనుకున్నాను. చెబితే, తెలిసీ నన్నెందుకు ఎక్కించుకున్నావంటారు. చెప్పకపోతే ఇద్దరం పోతాం. ఏదీ తేల్చుకోలేక మళ్లీ కుడికే తిప్పాను.

చివరికి పిన్నమ్మగారి సందు వచ్చింది. ఎడమవైపే. కుడివైపు గోడ, ముందు మురిక్కాలవ. దేవుళ్లందరికీ దండం పెట్టుకుని తిప్పాను.

అది నేతగాళ్ల సందు. మగ్గానికి ఎక్కించాల్సిన పట్టు దారాలు వీధి పొడవునా సాగదీసి కట్టారు, వందల పోగులు, ఎర్రగా మెరుస్తూ. ఆ ఇంటిల్లిపాది కష్టం అది. వాటిని సవరిస్తున్న పిన్నమ్మ పక్కనే లలిత. బండి గుర్రుమంది. బ్రేకు, క్లచ్చు, నా పేరు, అన్నీ మరిచిపోయాను. "అమ్మా!" అని ఒక్క కేక పెట్టాను. లలిత పారిపోలేదు. రెండు చేతులూ చాచి దారాలకు అడ్డంగా నిలబడింది.

నా చంక కిందినుంచి ఒక చెయ్యి వచ్చి తాళంచెవి తిప్పేసింది. ఇంజను ఆగింది. అప్పుడు నా కాలికి బ్రేకు గుర్తొచ్చింది. ముందు చక్రానికీ లలితకూ మధ్య మూరెడు దూరం మిగిలింది.

"కేబుల్ పొట్టి" అన్నారు నాగభూషణం గారు చొక్కా సర్దుకుంటూ. "పెనుకొండ బస్టాండు కాడనే తెలిసింది."

"మరి చెప్పలేదే మామా?"

"నువ్వు చెప్తావేమోనని చూస్తాంటి. తాళంచెవి మీద కన్నేసి కూచోనుండా, ఈడిదాకా."

నేను ఏడుపొక్కటే తక్కువగా మొత్తం కక్కేశాను. మస్కట్, ఫోన్లో బొమ్మ, బాషా కొలత, ఏదీ దాచలేదు.

అంతలో లలిత కింద పడిన సంచి తీసింది. హ్యాండిల్‌కు తగిలించిన ఆ సంచి గురించి మీకు చెప్పలేదు కదూ? చెప్పడానికి మొహం చెల్లలేదు. అందులో ఉన్నది ఫారిన్ పట్టుచీర. ధర్మవరం నేతగాళ్ల ఇంటికి!

లలిత అంచును వేళ్ల మధ్య నలిపి చూసి పిన్నమ్మకిచ్చింది. పిన్నమ్మ పక్కింటామెకిచ్చింది. చీర సందంతా చేతులు మారింది. ఒక్కొక్కరూ అంచు నలిపి, పట్టు కాదన్నట్టు తల అడ్డంగా ఊపి పక్కవాళ్లకిచ్చారు. బండి మీద కూడా నేనంత భయపడలేదు.

"ఇది గూడా ఫోన్లో బొమ్మ చూసి కొన్నిందేనా?" అంది లలిత.

"అవును."

"నన్ను గూడా ఫోన్లో చూసే సరే అంటివంట?"

"అందుకే గదా, కండ్లారా చూద్దామని ఇట్ల ప్రాణాలకు తెగించి వచ్చినా!"

ముందు పిన్నమ్మ నవ్వింది. తర్వాత సందు నవ్వింది. ఆఖరికి నాగభూషణం గారు కూడా నవ్వి, "లోపలికి రాప్పా, నీళ్లు తాగుదువు" అన్నారు.

పెళ్లయి ఆరేళ్లయింది. భార్య, మామగారు, బాషా సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: పాతది పక్కన పెట్టి కొలవనిదే కొత్త పార్టు ముట్టను, ధర్మవరానికి చీర మోసుకుపోను. అయితే ఫారిన్ సరుకును పూర్తిగా తీసిపారేయడం కూడా న్యాయం కాదు. ఆ పట్టుచీర ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. బండి తుడవడానికి అంత మంచి గుడ్డ హిందూపురమంతా వెతికినా దొరకదు.