పూరీ నుంచి ఇంటికి నడిచిన మనిషి

మా అత్తగారు పోయారు. మొన్న మంగళవారం పొద్దున్న, ఖరగ్‌పూర్ మలంచా పేటలో మా ఇంట్లో, టీ తాగి గ్లాసు కింద పెట్టి "కాసేపు నడుం వాలుస్తానే" అన్నారు. మళ్ళీ లేవలేదు. మా ఆయన రైలు డ్యూటీ మీద లైన్లో ఉన్నారు. ఆయన వచ్చేదాకా, సాయంత్రం వరకూ ఉంచాలనుకున్నాం.

ఖరగ్‌పూర్ రైల్వే జనానికి ఆవిడ పాసుల సెక్షన్లో గుమాస్తాగా తెలుసు. ముప్పై ఏళ్ళు ఊరందరికీ రానూ పోనూ పాసులు రాసిన మనిషి తను మాత్రం పోనూ పాసే వాడుకునేవారు. ఏటా చలికాలం పూరీకి రైల్లో వెళ్ళి, దర్శనం చేసుకుని, పాత జగన్నాథ్ సడక్ పట్టుకుని ఇంటికి నడిచి వచ్చేవారు. ఒకప్పుడు బెంగాల్ జనం పూరీకి నడిచి వెళ్ళిన దారి అది. ఇప్పుడు అటు నడిచేవాళ్ళే తక్కువ. ఇటు నడిచేది, నాకు తెలిసి, మా అత్తగారొక్కరే.

ఎందుకని అడిగితే, "ఎల్లినప్పుడు కోరికలు మోసుకెల్తాం, అవి తేలికే. ఒచ్చినప్పుడు ప్రసాదం మోసుకు రావాల. అదీ బరువు" అనేవారు.

పెళ్ళయిన రెండో ఏడు, ఎనభైల మధ్యలో, నన్నూ బయల్దేరదీశారు. నాకు ఒళ్ళు మండింది. పదహారు రోజుల నడక, పైగా రిటర్న్ పాసు ఆవిడ సంచీలోనే ఉంది. కటక్ దాటేదాకా మొహం ముడుచుకునే నడిచాను. ఆ తర్వాత ఏమైందో గానీ, తెల్లారితే చాలు, ఆవిడకంటే ముందు నేనే చెప్పులు వేసుకుని నిలబడేదాన్ని.

అంత సరదాగా ఉండేది మరి. దారిపొడుగునా అందరూ మమ్మల్ని దిద్దేవాళ్ళే. మెడలో తులసిమాల, చేతిలో కర్ర, నెత్తిన మూట చూసి సైకిళ్ళు ఆపి మరీ చెప్పేవారు: "దిదీ, పూరీ ఇటు కాదు, అటు." ఒక ముసలాయనైతే మా అత్తగారి భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పి నిలబెట్టాడు. ఆవిడ నవ్వి, "దర్శనం అయిపోయింది దాదా, ఇంటికెల్తన్నాం" అని వాళ్ళ భాషలో చెప్పేవారు. అంతే, ఎదుటివాళ్ళు చెప్పులు విడిచి చెయ్యి చాపేవారు. ఆవిడ ఎర్రసంచీ విప్పి నిర్మాల్యం పెట్టేవారు. జగన్నాథుడికి పెట్టిన అన్నాన్ని ఎండబెట్టిన గింజలవి. ప్రాణం పోయేవాళ్ళ నోట్లో ఒక్క గింజ పడితే చాలంటారు ఆ దేశంలో.

ఆ గింజల మీదే మా నడకంతా ఆధారపడి ఉంది. జలేశ్వర్ దాటాక వచ్చే దాంతన్‌లో మరమరాలు వేయించి అమ్ముకునే ఒకామె ఉండేది, అందరూ మాసీ, అంటే పిన్నీ, అని పిలిచేవారు. అంతకు ముందు ఏడు మా అత్తగారికి తన వాకిట్లో పడక ఇచ్చింది. మంచంలో ఉన్న భర్తకి నిర్మాల్యం తెమ్మని చేతులు పట్టుకుని అడిగింది. ఈవిడ మాటిచ్చారు.

మాటిచ్చిన మనిషేమో దారిలో అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ పంచుకుంటూ పోతున్నారు. సంచీ చిక్కిపోతుంటే నా ప్రాణం గిలగిల్లాడింది. భద్రక్‌లో ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు ఒక చిటికెడు తీసి నా నీలం చీర కొంగున ముడేసుకున్నాను. దొంగతనమే, ఒప్పుకుంటాను.

బాలాసోర్ చేరాక, "అత్తయ్యా, రైలెక్కీద్దామండి. ముందు దాంతన్‌లో ఇచ్చీసి వద్దాం" అన్నాను.

"దార్లో చెయ్యి సాపినోళ్ళకి లేదనీసి ఎల్తే, ఆ మాసీ ముందు ఏటి మొహం పెట్టుకుని నిల్చుంటానే?"

"ఇలాగైతే మనకి కూడా మిగలదండి."

"మనకెవరో తెస్తార్లే, నడు."

సువర్ణరేఖ నది దాటించిన పడవవాడు తల్లికి కావాలంటే, సంచీలో చెయ్యి పెట్టి ఉన్నదంతా ఇచ్చేశారు. జలేశ్వర్ నుంచి దాంతన్‌కి నేను నడవలేదు, దాదాపు పరిగెత్తాను. మాసీ భర్త ఉన్నాడో లేడో అన్న ఆత్రం ఒకటి, కొంగున ముడి ఉందో లేదోనని తడుముకోవడం ఒకటి.

ఆయన ఉన్నాడు. మాసీ మమ్మల్ని చూసి పొయ్యి దగ్గర నుంచి ఇసుక గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. మా అత్తగారు సంచీ విప్పారు, తిరగేశారు, దులిపారు. ఒక్క గింజ రాలలేదు. నేను కొంగు ముందుకి లాగాను. చెమటకి ముడి బిగుసుకుపోయి ఊడి రాలేదు. మాసీ కత్తిపీట మీద ఆ కొంగు చివర కోసేసింది. ఆయన గింజ చప్పరించి, కళ్ళు మూసుకుని, ఇంకొకటి అడిగాడు.

బయటికొచ్చాక తిట్లకి సిద్ధపడి నిలబడ్డాను. ఆవిడ నా తెగిన కొంగు చేతిలోకి తీసుకుని చూశారు. "పంచీదానికి దాసిపెట్టీది ఒకర్తుండాల. నువ్వు లేకపోతే నా మాట పోయీది" అన్నారు. కోడలిగా నాకు ఆ ఇంట్లో చోటు దొరికింది ఆ వాకిట్లోనే. ఆ తర్వాత ఆవిడ మోకాళ్ళు మొరాయించేదాకా ఆరేళ్ళు కలిసి నడిచాం. ప్రతి ఏడూ సంచీ ఖాళీగానే ఇల్లు చేరింది.

అందుకే మంగళవారం ఇల్లంతా వెతికినా ఒక్క గింజ దొరకలేదు. దేశానికంతా పెట్టిన మనిషి నోరు ఖాళీగా పోతుందా అని ఏడ్చాను. దాంతన్‌లో ఆగే పాసింజరు గార్డుతో మాసీకి కబురు మాత్రం పంపాను. కడసారి చూపు చూసుకుంటుందని.

మూడు గంటలకి వచ్చింది. స్టేషన్ నుంచి నడిచే వచ్చింది. వస్తూనే రొంటిన దోపుకున్న చిన్న మూట తీసి నా చేతిలో పెట్టింది. వెలిసిపోయిన నీలం గుడ్డ. నా కొంగు.

"అప్పుడు మీకేమీ మిగల్లేదు కదా. అందుకే సగం దాచాను" అంది బెంగాలీలో.

నాలుగు గింజలున్నాయి. రెండు మా అత్తయ్య నోట్లో పెట్టాను. రెండు ఆ గుడ్డలోనే మళ్ళీ చుట్టి కొంగున ముడేసుకున్నాను. ఈ చలికాలానికి పూరీకి రెండు టికెట్లు చేయించాను, నాకూ మాసీకీ. పోవడానికి మాత్రమే.