తగ్గింది అనే మాట

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి రెండు వేసవులు దాటాయి. ఇప్పటికీ మార్కాపురం బజారులో ఎదురుపడ్డ ప్రతివాడూ అడిగేది ఒకటే. "ఏం మామా, తగ్గిందా?"

తగ్గింది అంటాను. అబద్ధమేమీ కాదు. నడక తగ్గింది, గొంతు తగ్గింది, మధ్యలో ఆగకుండా ఒక మాట పూర్తి చేసే బలం తగ్గింది. ఇదంతా నిలబడి వినే ఓపిక ఎవడికుంది? సంతోషం మామా అని బండి ఎక్కి పోతారు.

ఆ మాటంటే నాకు ఒళ్లు మంట. నెమ్ము చేసి నేను ఒంగోలు ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు మా ఆవిడను లోపలికి రానివ్వలేదు. ఒకరోజు పొద్దున నర్సు తలుపు కాస్త తెరిచి "తగ్గిందమ్మా, డాక్టరు వచ్చి మాట్లాడతాడు" అని గబగబా వెళ్లిపోయింది. తగ్గింది నా ఆక్సిజన్. మా ఆవిడేమో జబ్బు తగ్గిందనుకుంది. వాళ్లమ్మకు ఫోన్ చేసి "తగ్గిందంటమ్మా, ఇంక భయం లేదు" అని చెప్పి, మెట్ల మీద కూర్చుని కడుపు నిండా ఇడ్లీ తిన్నది. సరిగ్గా అప్పుడే నా మొహానికి పెద్ద మాస్కు బిగించి వేరే వార్డుకు తోసుకుపోతున్నారు.

ఆ ఇడ్లీలు గుర్తొస్తే ఆమె ఇప్పటికీ ఏడుస్తుంది. నేను వెక్కిరిస్తాను, ఏడవలేక. ఆనాటి నుంచి ఆ మాట ఆమె నోట రాలేదు. జ్వరం దిగింది అంటుంది, వాన వెలిసింది అంటుంది. బియ్యం ధర పడిపోయింది అంటుంది.

నాది పలకల పని. రాయిని పొరలుగా చీల్చి, మీది పొడి ఊదేసి, పగులుందేమో చూడాలి. ఆ దుమ్ములోకి మళ్లీ పోతే తన పూచీ లేదని డాక్టరు చెప్పాడు. నాకు చేతనైన పని అదొక్కటే. ఇంట్లో ఎంతకాలం కూర్చోను? మొన్న ఉదయం ఆమె వద్దంటున్నా షెడ్డుకు పోయాను.

పలక తీసి ఊదాను. పొడి కదల్లేదు. మళ్లీ ఊదాను. కళ్లు బైర్లు కమ్మాయి గానీ పొడి ఉన్నచోటే ఉంది. పక్కన పనిచేసే అతను "ఇట్లియ్యన్నా" అని పలక తీసుకుని, తనే ఊది, మళ్లీ నా చేతిలో పెట్టినాడు. తన పనిలో పడ్డాడు. వాడు నవ్వి ఉంటే బాగుండేది. నాకు నిజంగా భయమేసింది.

మధ్యాహ్నానికే ఇంటికొచ్చాను. మా ఆవిడ ఆక్సిజన్ చూసే క్లిప్పు తెచ్చి నా వేలికి పెట్టింది. అంకె నిలబడేదాకా చూసింది. క్లిప్పు తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టింది.

"ఏంది, ఎంతుంది?" అన్నాను.

ఆమె నా వేలు వదల్లేదు.

"తగ్గింది" అన్నది.