కోడిమెడ నెమలి

నిన్న మా బడి గేటుకు రంగు వేశారు. డబ్బాలో కిరసనాయిలు పోసి కలిపిన ఆ పచ్చరంగు వాసన మెట్లెక్కి స్టాఫ్ రూమ్ దాకా వచ్చేసింది. అందరూ ముక్కులు మూసుకుంటే నేను లేచి కిటికీ తలుపులు బార్లా తెరిచాను. "మేడం, మీకేమన్న పిచ్చా? గా వాసన లోపటికి రానిస్తున్నరు!" అని లెక్కల టీచరు సుజాత కసిరింది. పిచ్చే అనుకోండి. ఆ వాసన తగిలితే చాలు, బాన్సువాడలో పిట్లం పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు, అందులో స్టూలు మీద లుంగీ ఎగగట్టి కూర్చున్న సైలు కాక కళ్లముందుకు వస్తాడు. అదీగాక, నిన్న ఆయన నాకు నిజంగా అవసరమైన రోజు. పిల్లల కథల పుస్తకానికి బొమ్మలు వేస్తానని ఒప్పుకొని మూడు నెలలైంది. కథలో ఒక బర్రె ఉంది. ఆ దిక్కుమాలిన బర్రె నా చేతిలో బర్రెలాగా రానంటోంది. వేయడం, చింపడం, మళ్లీ వేయడం. ఇక నావల్ల కాదని చెప్పేద్దామని పుస్తకం వాళ్ల నంబరు ఒక చీటీ మీద రాసి బల్ల మీద పెట్టుకున్నాను.

సైలు కాక ట్రాక్టరు ట్రాలీలకు రంగులు వేసేవాడు. వరికోతలు దగ్గర పడుతున్నాయంటే నస్రుల్లాబాద్ నుంచి, రుద్రూర్ నుంచి రైతులు ట్రాలీలు తెచ్చి షెడ్డు ముందు నిలిపేవాళ్లు. పక్కల మీద రైతు పేరు, వెనక డోరు మీద నెమలి. నెమలి లేని ట్రాలీ కాక చేతిలోంచి బయటికి పోయేది కాదు. ఇంటర్ అయ్యాక నేను అక్కడ పని నేర్చుకుంటానంటే మా అమ్మ "ఆడివిల్ల ట్రాలీలకు రంగులేసుడేంది!" అని నెత్తి కొట్టుకుంది. కాక భార్య లక్ష్మవ్వ అదే షెడ్డులో ఓ మూల చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుండేది కాబట్టి చివరికి అమ్మ ఒప్పుకుంది.

కాక నాకొక పాత రేకుముక్క ఇచ్చాడు. రోజూ సాయంత్రం దాని మీద ఒక నెమలి వేయాలి, మరునాడు దాని మీద తెల్లరంగు కొట్టి మళ్లీ వేయాలి. వేశాక కాక వచ్చి చూసి "ఊఁ" అనేవాడు. అంతే. బాగుందని గానీ, బాగాలేదని గానీ నోరు తెరిచి చెబితే ముత్యాలు రాలిపోతాయేమో! మొదటి ఏడాది నా చేయి బాగానే సాగింది. రెండో ఏడాది ఎక్కడిదక్కడే ఆగిపోయింది. పొద్దున లేస్తే అదే మెడ, అదే వంకర తోక. షెడ్డుకు పోవాలంటేనే పోకుండా ఉండేందుకు ఏదో ఒక వంక వెతికేదాన్ని.

ఆ సంగతి ఇంట్లో పసిగట్టారు. మా బావ ఒక బట్టల దుకాణంలో మాట్లాడి పెట్టాడు. సోమవారం నుంచి రమ్మన్నారు. శనివారం పొద్దున షెడ్డుకు పోయి, తల వంచుకొని, "నేనిగ రాను కాకా, నాకు బొమ్మలు వస్తలేవు. సోమవారం సంది బట్టల దుకాణానికి పోత" అన్నాను. బతిమాలతాడనుకున్నాను. "సరే బిడ్డా. గా డోరు రుద్ది పో" అన్నాడు.

నస్రుల్లాబాద్ రైతు ట్రాలీ అది. ఉక్రోషమంతా గరుకు కాగితం మీద చూపించి రుద్దాను. ఒక పొర ఊడింది. ఇంకో పొర ఊడింది. దాని కింద నెమలి బయటపడింది. నెమలంటే నవ్విపోతారు, దానికి కోడి మెడ! అంత దుఃఖంలోనూ పకపకా నవ్వాను.

"కాకా, గిదెవడేసిండు? నెమలిని జూడనోడా?"

"నేనే" అన్నాడు కాక. ఛాయ్ ఎవరు తెచ్చారంటే చెప్పినంత మామూలుగా అన్నాడు. చేతిలోని కుంచె కూడా ఆగలేదు.

నేను గరుకు కాగితం కింద పెట్టాను. "నేర్చుకునేటప్పుడా?"

"ఏడ? అప్పటికే నేను గీ పని మొదలువెట్టి ఆరేండ్లాయె."

మూల నుంచి లక్ష్మవ్వ అందుకుంది. "గా బండి సప్పుడైతే సాలు, సిగ్గుతోని షెడ్డెన్క దాక్కునేటోడు మీ కాక!"

"మరి ఇడిసిపెట్టాలనిపియ్యలేదా?"

"ఎందుకనిపియ్యలే? అనిపిచ్చింది. గని తెల్లారి ఇంకో ట్రాలీ అచ్చింది. దానికి గూడ నెమలేసిన."

"మంచిగొచ్చిందా?"

"బాతు మెడ అచ్చింది" అన్నాడు కాక. "ఇగ కోడి నుంచి బాతుదాకనైతే అచ్చిన గదా!"

లక్ష్మవ్వ చాటలోని తంబాకు ఎగిరిపడేట్టు నవ్వింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అప్పుడు కాక లేచి వచ్చి, తన కుంచె నా చేతిలో పెట్టాడు. అంతవరకూ నాకు రేకుముక్కే తప్ప అసలు డోరు ఇచ్చింది లేదు.

"నువ్వు పోయేది సోమవారం గదా, ఇయ్యాల శనివారమే. దీని మీద నీ నెమలెయ్యి."

"ఖరాబైతే?"

"ఖరాబైతే బండి నడ్వదా? వడ్లు మొయ్యదా? ఏం ఫికర్ జెయ్యకు." రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగాడు. "కాళ్లు మాత్రం రుద్దకు. కాళ్లు నేను మంచిగనే ఏసిన."

చూస్తే నిజమే. కోడిమెడ కింద ఆ కాళ్లు ఎంత బాగున్నాయో! వాటిని అలాగే ఉంచి, పైన నా నెమలి వేశాను. తోక కొంచెం ఒక పక్కకు ఒరిగింది గానీ మెడ నెమలి మెడే. పొద్దుగూకే వేళకు కాక వచ్చి చాలాసేపు చూశాడు. ఏమన్నాడో మీకు తెలుసు. "ఊఁ" అన్నాడు. సోమవారం పొద్దున నేను షెడ్డుకే పోయాను. మా బావ నెలరోజులు నాతో మాట్లాడలేదు.

ఆ షెడ్డులో ఇంకో నాలుగేళ్లు ఉన్నాను. అక్కడి నుంచే డ్రాయింగ్ టీచరు పరీక్షకు పోయాను, ఫీజు కట్టే రోజు నాతో పాటు వచ్చి వరుసలో నిలబడింది కూడా కాకనే. ఇప్పుడు ఆయన లేడు. ఆయనకు నేనెంత రుణపడి ఉన్నానో ఎదురుగా నిలబడి ఒక్కసారి కూడా చెప్పలేదు. చెబితే "ఊఁ" అనేవాడు, అది వేరే సంగతి.

నిన్న కిటికీ దగ్గర నిలబడి ఇదంతా తలుచుకుంటుంటే, సుజాత నా బల్ల మీది కాగితం ఎత్తి పట్టుకుంది. "మేడం, గిదెవరేసిండ్రు? బర్రెనా, గుట్టనా?"

"నేనే" అన్నాను.

నా గొంతు ఏమీ తగ్గలేదు. ఆమె చేతిలోంచి కాగితం తీసుకొని, ఈసారి చింపకుండా చూశాను. వీపు గుట్టే, నిజం. తల ఎవరిదో ఏమో. కానీ బురదలో దిగబడిన ఆ ముందుకాళ్లు రెండూ బర్రె కాళ్లే. నంబరు రాసుకున్న చీటీని ముందుకు లాక్కొని, దాని మీద పొట్టు రాలేట్టు పెన్సిలు చెక్కాను. కాళ్లు ఉంచి మిగతాది చెరిపాను.